పాత బండి కొంటున్నారా? ముందు సైలెన్సర్ విప్పించండి



పాస్టరు గారు ఈ వారం మోటారు సైకిళ్ల గురించి రాశారేమిటని కొందరు అనుకుంటారు. అనుకోండి, తప్పులేదు. గడిచిన రెండేళ్లలో మన సంఘంలోనే ముగ్గురు యౌవనస్థులు పాత టూ స్ట్రోక్ బండ్ల కోసం తిరిగారు. ఇద్దరు కొని నష్టపోయారు. వారిలో ఒకరికి భుజం ఎముక విరిగింది. మూడోవాడు కొనేముందు మా దగ్గరికి వచ్చాడు. అతనితో కలిసి పాతబస్తీ వెళ్లాం. అక్కడ చూసింది, నేర్చుకున్నది, మా గురించి మేము ఒప్పుకోవలసింది, మూడూ ఇందులో రాస్తున్నాం. కొంచెం పొడవైనా చివరిదాకా చదవండి.

ముందు ఈ మోజు సంగతి. మన పిల్లలు అడిగేది ఎక్కువగా యమహా ఆర్‌ఎక్స్ 100. ఎస్కార్ట్స్ వారు 1985లో దీన్ని మన దేశంలో తెచ్చారు. 98 సీసీ ఇంజను, 11 హార్స్ పవర్, తేలికైన బండి. అందుకే యాక్సిలరేటర్ తిప్పగానే ఎగిరి దూకినట్టు ఉంటుంది. 1996లో దీని తయారీ ఆగిపోయింది. అంటే ఈ రోజు మీకు ఎవరు ఏ ఆర్‌ఎక్స్ 100 చూపించినా దాని వయసు ముప్పై ఏళ్లకు అటూ ఇటూ. కొనే కుర్రవాడికంటే బండే పెద్దది. రంగు నిన్న వేసి ఉండవచ్చు. ట్యాంకు మీద స్టిక్కరు మొన్న అంటించి ఉండవచ్చు. సీటు కవరు కొత్తది కావచ్చు. లోపల పిస్టన్ ఎన్ని లక్షల సార్లు పైకీ కిందికీ తిరిగిందో ఏ స్టిక్కరూ చెప్పదు. మీటరులో కిలోమీటర్లు చూసి నమ్మేవాళ్లు ఉన్నారు. ముప్పై ఏళ్లలో ఆ మీటరు కేబులు ఎన్నిసార్లు తెగిందో, మీటరే ఎన్నిసార్లు మారిందో ఎవరికి తెలుసు?

భుజం విరిగిన తమ్ముడి సంగతి చెబుతాం. అతను బండి కొన్నది పట్నంలో కాదు. మన పక్క ఊళ్లో, తెలిసిన మనిషి దగ్గర. "తెలిసినవాళ్లే కదా" అని ఏమీ విప్పి చూడలేదు. సైడ్ కవరు తీసి చూస్తే టూటీ ఆయిల్ డబ్బా నిండుగా ఉంది. సంతోషపడ్డాడు. రెండు రోజులు తిరిగాడు. మూడో రోజు బంకులో రెండు వందల రూపాయల పెట్రోలు పోయించుకుని బయలుదేరాడు. కొంత దూరం పోయాక ఇంజను గొంతు మారింది, వేగం దానంతట అదే తగ్గింది, ఒక్కసారిగా వెనక చక్రం బిగుసుకుపోయింది. బండి జారి పక్కకు పడింది.

జరిగింది ఇదీ. ఆ బండికి ఆయిల్ పంపు ఎప్పుడో తీసేశారు. పంపు ఉండాల్సిన చోట రేకు బిగించారు. పాత యజమాని పెట్రోలులోనే ఆయిల్ కలిపి నడిపేవాడు. డబ్బాలో ఆయిల్ ఉంది కానీ అక్కడినుంచి ఇంజనుకు పోయే దారి లేదు. అమ్మిన రోజు ట్యాంకులో మిగిలిన కలిపిన పెట్రోలుతో రెండు రోజులు నడిచింది. మూడో రోజు వట్టి పెట్రోలుతో పిస్టన్ కాలి సిలిండరుకు అతుక్కుంది. అమ్మినాయన ఒక్క మాట చెప్పి ఉంటే చాలు: "బాబూ, పంపు లేదు, లీటరుకు ఇంత ఆయిల్ కలుపుకో." ఆయన అబద్ధం ఆడలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే. ఆ చెప్పకపోవడం ఖరీదు ఒక ఎముక.

మూడో యౌవనస్థుడు ఈ సంగతి విన్నాడు కాబట్టే మా దగ్గరికి వచ్చాడు. "అయ్యగారూ, పాతబస్తీలో ఒక ఆర్‌ఎక్స్ ఉంది, డెబ్బై వేలు అంటున్నారు, యాభై అయిదుకు వస్తుందేమో, మీరు కూడా రండి" అన్నాడు. అతని చేతిలో యాభై అయిదు వేలు ఉన్నాయి. అందులో ముప్పై వేలు వాళ్లమ్మ మహిళా సంఘంలో తీసుకున్న అప్పు. ఆ మాట విన్నాక మేము కాదనలేకపోయాం.

మా ఊళ్లో కొందరు భయపెట్టారు. "పాతబస్తీలో కొంటారా, మోసం చేస్తారు" అన్నారు. మేము వాళ్లను ఒకటే అడిగాం. మన ఇద్దరు పిల్లల్ని మోసం చేసింది ఎవరు? పాతబస్తీవాళ్లా, మన మండలంవాళ్లా? జవాబు రాలేదు.

పొద్దున్నే బస్సెక్కి ఇమ్లీబన్‌లో దిగాం. అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటి, మదీనా దగ్గర చాయ్ తాగి, పత్తర్‌గట్టీ కమానుల పక్కనుంచి చార్మినార్ చుట్టూ తిరిగి శాలిబండ వైపు నడిచాం. అక్కడ ఒక గల్లీలో మాకు తెలిసిన ఉస్తాద్ ఉన్నాడు. ఆయన ఎలా తెలుసో తర్వాత చెబుతాం, అదే ఈ వ్యాసంలో మాకు కష్టమైన భాగం. ఉస్తాద్ వయసు అరవై దాటింది. చిన్న షెడ్డు, నేల మీద నూనె మరకలు, గోడకు వేలాడుతున్న పాత క్లచ్ ప్లేట్లు. మా మాట విని, "బండి ఇక్కడికి తెప్పించండి పాస్టర్ సాబ్. కానీ స్టార్ట్ చేయకుండా తోసుకుని రమ్మనండి" అన్నాడు.

ఎందుకు తోసుకుని రావాలి? మొదటి పాఠం ఇదే. వేడి ఇంజను చాలా రోగాలు దాస్తుంది. అరిగిన పిస్టన్ చల్లగా ఉన్నప్పుడు సిలిండరు గోడకు కొట్టుకుని కటకట అంటుంది. వేడెక్కి సాగాక ఆ చప్పుడు తగ్గిపోతుంది. అందుకే మీరు వచ్చేసరికి బండి స్టార్ట్ చేసి సిద్ధంగా ఉంచేవాళ్ల విషయంలో జాగ్రత్త పడండి. బండి దగ్గరికి వెళ్లగానే చేయవలసిన మొదటి పని ఇంజను మీద చెయ్యి పెట్టి చూడడం. వెచ్చగా ఉంటే "రేపు పొద్దున వస్తాం" అని చెప్పి వచ్చేయండి.

రెండోది కిక్కు. ఉస్తాద్ తాళం ఆపి ఉంచి కిక్ రాడ్ మీద కాలు పెట్టి మెల్లగా బరువు మోపాడు. బాగున్న ఇంజనైతే ఒకచోట గట్టిగా ఎదురు నిలుస్తుంది, బరువు మోపినా కాసేపు ఆగి ఆగి దిగుతుంది. రింగులు, సిలిండరు అరిగినదైతే మెత్తటి నేలలో గడ్డపార దిగినట్టు దిగిపోతుంది. ప్లగ్గు తీసి గేజి పెట్టి చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని అయిదారు కిక్కులు కొట్టాలి. ముల్లు 100 పౌండ్ల కిందే ఆగిపోతే ఇంజను పని దగ్గరపడినట్టే. ఇక్కడా ఒక మాయ ఉంది. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు చిక్కటి ఆయిల్ పోస్తే రింగుల సందులు మూసుకుని కాసేపు కిక్కు గట్టిగా తగులుతుంది. అందుకే ప్లగ్గు తీసినప్పుడు అది ఆయిల్‌తో తడిసి ఉందేమో చూడాలి. ప్లగ్గు కొన ఎండు గోధుమ రంగులో ఉంటే మంచిది. తెల్లగా ఉంటే ఇంజను ఎక్కడో గాలి పీలుస్తోంది, ఎక్కువ కాలుతోంది.

మూడోది పొగ. మనలో చాలామంది ఫోర్ స్ట్రోక్ లెక్క టూ స్ట్రోక్‌కు వేస్తారు. ఫోర్ స్ట్రోక్ బండి నీలం పొగ వదిలితే రింగులో, వాల్వు సీళ్లో పోయాయని అర్థం. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలుతో పాటు కాలిపోవలసిందే. కాబట్టి స్టార్ట్ చేయగానే కొంత పొగ రావడం దాని స్వభావం. అసలు పొగే లేకపోతే భయపడాలి, ఆయిల్ అందుతోందా లేదా అని. చూడవలసింది ఏమిటంటే, వేడెక్కాక కూడా తెల్లటి చిక్కటి పొగ తగ్గకుండా వస్తోందా, అందులో గేరు ఆయిల్ వాసన ఉందా అన్నది. ఉంటే క్లచ్ వైపు క్రాంకు సీలు పోయినట్టు. ఆ సీలు పోతే ఇంజను గేరు పెట్టెలోని ఆయిల్‌ను గుటకలు వేసి తాగుతుంది. రెండో వైపు, అంటే మాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లోపలికి పోతుంది. యాక్సిలరేటర్ వదిలినా బండి రేసింగ్‌లో ఉండిపోతుంది, కార్బొరేటర్ ఎంత ట్యూనింగ్ చేసినా దిగదు. అలా నడిపితే పిస్టన్ కాలిపోతుంది. రెండు రబ్బరు సీళ్లు, కొన్న ఖరీదు తక్కువే. కానీ మార్చాలంటే ఇంజను దించాలి.

నాలుగోది ఈ వ్యాసానికి పేరు పెట్టిన పని. ఇలాంటి టూ స్ట్రోక్ ఇంజనులో ఫోర్ స్ట్రోక్‌లో ఉండేలాంటి వాల్వులు ఉండవు. సిలిండరు గోడకే కిటికీలు ఉంటాయి. పెట్రోలు గాలి లోపలికి రావడానికి, పొగ బయటికి పోవడానికి. పిస్టన్ పైకీ కిందికీ కదులుతూ ఆ కిటికీలను తెరుస్తుంది, మూస్తుంది. అందుకే సైలెన్సర్ విప్పితే పొగ పోయే కిటికీలోంచి పిస్టన్ మనకు నేరుగా కనిపిస్తుంది. హెడ్డు తీయనక్కరలేదు, ఇంజను దించనక్కరలేదు. ఉస్తాద్ సైలెన్సర్ మెడ దగ్గర నట్లు విప్పి టార్చి వేశాడు. "చూడు బేటా" అని మా యౌవనస్థుణ్ణి దగ్గరికి పిలిచాడు.

పిస్టన్ పక్క భాగం మీద నిలువునా గీతలు ఉన్నాయి. గోటితో గీసినట్టు కాదు, మేకుతో గీసినట్టు. ఒకప్పుడు ఈ ఇంజను ఆయిల్ అందక పట్టేసి ఉంటుందని, తర్వాత తిప్పి నడుపుతున్నారని చెప్పాడు. కిక్ రాడ్ మెల్లగా నొక్కి రింగును కిటికీ ఎదుటికి తెచ్చాడు. చీపురు పుల్లతో రింగును లోపలికి నొక్కాడు. స్ప్రింగులా లోపలికి పోయి బయటికి రావాలి. రెండింటిలో ఒకటి కదల్లేదు. బొగ్గు పట్టి గాడిలోనే బిగుసుకుపోయింది. ఆ రింగు ఉన్నా లేనట్టే.

తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ తలమీది అంకె చదవమన్నాడు. బొగ్గు కొంచెం గీకితే 75 అని కనిపించింది. దాని అర్థం తెలుసుకోండి, బాగా పనికొస్తుంది. ఆర్‌ఎక్స్ 100 సిలిండరు లోపలి వ్యాసం అసలు 50 మిల్లీమీటర్లు. అరిగినప్పుడు లేత్ షాపులో బోరింగ్ చేయించి కాస్త పెద్దది చేసి, దానికి తగ్గ పెద్ద పిస్టన్ వేస్తారు. ఒక్కో విడతకు పావు మిల్లీమీటరు: 0.25, 0.50, 0.75, 1.00. ఈ బండికి 0.75 వేసి ఉంది. అంటే మూడు మెట్లు ఎక్కేసింది. మిగిలింది ఒకటే. ఆ తర్వాత లోపలి లైనరు కొట్టి కొత్తది వేయించాలి లేదా సిలిండరే మార్చాలి. "బండి నంబరు ఆర్‌సీలో ఉంటది, బండి ఆయుష్షు ఇక్కడ ఉంటది" అన్నాడు ఉస్తాద్ పిస్టన్ వైపు చూపించి.

కొత్తగా బోరింగ్ చేయించిన బండి అయితే ఇంకా మంచిదే కదా అని మా వాడు అడిగాడు. మంచిదే, చేసిన చెయ్యి మంచిదైతే. బోరింగ్ చేశాక ఆ కిటికీల అంచులు కత్తిలా మిగులుతాయి. వాటిని నునుపుగా అరగదీయాలి. అది మరిచిపోతే రింగు ప్రతి చుట్టులో ఆ అంచుకు తగిలి ఒక రోజు విరుగుతుంది. పైగా కొత్త పిస్టన్ వేశాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడపాలి. అమ్మకానికి పెట్టినవాడు మెల్లగా నడిపాడో, కొత్త పికప్ చూపించడానికి ఉతికి ఆరేశాడో మీకు తెలియదు. కాబట్టి "కొత్త బోరు" అన్న మాటకు బిల్లు అడగండి, ఏ లేత్ షాపులో చేయించారో అడగండి.

అయిదోది క్రాంకు. ఉస్తాద్ ఎడమ వైపు కవరు తీసి మాగ్నెట్‌ను రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ ఊపాడు. అక్కడ కదలిక ఉండకూడదు. ఉంటే మెయిన్ బేరింగులు పోయినట్టు. ఇంజను నడుస్తుండగా లోతుగా దడదడ శబ్దం వస్తే కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు సంగతి. ఆ పని ఖర్చు పిస్టన్ పనికంటే పెద్దది. ఈ బండికి అక్కడ లోపం లేదు.

చివరగా ఆయిల్ పంపు. మా మనసంతా అక్కడే ఉంది. డబ్బాలో ఆయిల్ ఉంటే సరిపోదని మాకు ఒక ఎముక నేర్పింది. డబ్బానుంచి పంపుకు పైపు ఉందా, పంపునుంచి కార్బొరేటర్ వైపుకు సన్నని పైపు ఉందా, యాక్సిలరేటర్ తిప్పితే పంపు మీది కేబులు కదులుతోందా, ఇవన్నీ వేలితో తాకి చూడాలి. ఉస్తాద్ ముందు జాగ్రత్తగా కాస్త ఆయిల్ కలిపిన పెట్రోలు పోసి ఇంజను నడిపాడు. సన్నని పైపు చివర ఊడదీసి చూపించాడు. చుక్క చుక్కగా ఆయిల్ వచ్చింది. ఈ బండిలో పంపు బతికే ఉంది.

ఎయిర్ ఫిల్టరు మాత్రం లేదు. పికప్ కోసం, చప్పుడు కోసం చాలామంది తీసేస్తారు. మన మట్టి రోడ్ల మీద ఫిల్టరు లేకుండా టూ స్ట్రోక్ నడపడమంటే పిస్టన్‌కు ఇసుక కాగితం రాసినట్టే. గీతలు అంత లోతుగా ఉండడానికి అదీ ఒక కారణం కావచ్చని ఉస్తాద్ అన్నాడు.

కాగితాల గురించి రెండు మాటలు. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం కలవాలి. పాత ఇంజన్లు ఒక బండినుంచి మరో బండికి మారుతూనే ఉంటాయి, కాగితం మారదు. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించారా, ఎంతవరకు ఉందో చూడండి. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు తీసుకుని మీ పేరు మీదికి మార్చుకోండి. "తర్వాత చూద్దాం" అని ముగ్గురు యజమానుల కిందటి పేరుతో తిరిగే బండ్లు మన ఊళ్లోనే ఉన్నాయి. ప్రమాదం జరిగిన రోజు ఆ కాగితమే ముందుకు వస్తుంది.

ఉస్తాద్ లెక్క వేశాడు. బోరింగ్, పిస్టన్ కిట్, రెండు సీళ్లు, ఫిల్టరు, కూలీ. మా యౌవనస్థుడు వేళ్ల మీద కూడుకున్నాడు. అమ్మే ఆయన పక్కనే నిలబడి అంతా చూశాడు. ఆయన కోపగించుకోలేదు. "నేను కొన్నప్పుడు నాకు ఇవన్నీ ఎవరూ చెప్పలేదు" అన్నాడు. ధర పది వేలు తగ్గిస్తానన్నాడు. మా వాడు చాలాసేపు బండి ట్యాంకు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. తర్వాత "వద్దు అయ్యగారూ, పోదాం" అన్నాడు. ఉస్తాద్‌కు ఇవ్వవలసిన కూలీ ఇచ్చాం. యాభై అయిదు వేలలో మిగతాదంతా సాయంత్రం బస్సులో వెనక్కి వచ్చింది.

ఇప్పుడు మా సంగతి. మీలో చాలామందికి మా పాత సుజుకీ మాక్స్ 100 గుర్తుండే ఉంటుంది. ఆ బండి మీదే ఏళ్ల తరబడి పల్లెల్లో ప్రార్థన కూటాలకు తిరిగాం. చివరి రోజుల్లో అది తెల్లగా పొగ వదిలేది. గేరు ఆయిల్ పోసిన నెల తిరక్కముందే తగ్గిపోయేది. క్లచ్ వైపు సీలు పోయిందని మాకు తెలుసు. ఇంజను దించాలంటే ఖర్చని వాయిదా వేశాం. తర్వాత అమ్మేశాం. కొన్నది పక్క ఊరి రైతు, ఆకుకూరలు పండించుకునే మనిషి. అమ్మే ముందు రోజు గేరు ఆయిల్ నిండుగా పోయించాం. ఆయన వచ్చి చూస్తానన్నాడు కూడా లేదు. "అయ్యగారి బండి కదా, చూసేదేముంది" అని డబ్బు చేతిలో పెట్టాడు. ఆ మాట విన్న తర్వాత అయినా మేము నోరు విప్పవలసింది. విప్పలేదు.

ఆయన ఆ బండి మీద తెల్లవారుజామున ఆకుకూర మూటలు వేసుకుని మీర్ ఆలం మండీకి వెళ్లేవాడు. కొన్నాళ్లకు గేరు పెట్టెలో ఆయిల్ అంతా ఇంజను తాగేసింది. శాలిబండ దగ్గర గేర్లు అరుస్తూ బండి నిలిచిపోయింది. ఆ రోజు ఆకుకూర అమ్ముడుపోలేదు, ఎండకు వాడిపోయింది. బండిని తోసుకుంటూ దగ్గర్లో ఉన్న షెడ్డుకు తీసుకుపోయాడు. ఆ షెడ్డు ఈ ఉస్తాద్‌దే. ఇంజను విప్పి చూసి, "ఈ సీలు ఈ రోజు పోయింది కాదు, నీకు అమ్మినాయనకు తెలిసే ఉంటది" అన్నాడట.

కబురు తెలిసి మేము వెళ్లాం. ఆ రైతు మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఒక్కటే చెప్పాడు: "అయ్యగారూ, మీరు చెప్పి ఉంటే నేను ధర తగ్గించమని అడిగేవాణ్ణి కాదు. వారానికోసారి ఆయిల్ చూసుకునేవాణ్ణి, అంతే." రిపేరు ఖర్చు రెండు విడతలుగా ఇచ్చాం. వాడిపోయిన ఆకుకూర డబ్బు ఆయన తీసుకోలేదు. తూనికరాళ్ల గురించి ధర్మశాస్త్రంలో అంత గట్టిగా ఎందుకు రాసి ఉందో మాకు పుల్పిట్ మీద కాదు, ఆ ఇంటి వాకిట్లో అర్థమైంది. తక్కువ తూచడం రాయితోనే జరగదు. మాట మింగడంతో కూడా జరుగుతుంది.

ఇంతవరకూ ఈ సంగతి సంఘంలో చెప్పలేదు. పంపు సంగతి దాచిన ఆ పక్క ఊరి మనిషిని మీరంతా తిడుతుంటే మేము మౌనంగా ఉండడం బాగాలేదని ఇప్పుడు చెబుతున్నాం. ఆయన చేసిందీ మేము చేసిందీ ఒకటే. మా విషయంలో ఎముక విరగలేదు, అంతే తేడా.

కాబట్టి మా అభిప్రాయం మూడు మాటల్లో చెబుతాం.

మొదటిది కొనేవారికి. అడగడానికి మొహమాటపడకండి. "సైలెన్సర్ విప్పి చూపిస్తారా" అన్న ఒక్క ప్రశ్నతో అమ్మే మనిషి సంగతి సగం తెలిసిపోతుంది. విప్పనివ్వని మనిషి దగ్గర బండి ఎంత మెరిసినా కొనకండి. మెకానిక్‌ను మీరే తీసుకెళ్లండి, అమ్మేవాళ్లు పిలిచిన మెకానిక్ వద్దు. ఆయన కూలీ వృథా ఖర్చు కాదు. బండి కొనకుండా వెనక్కి వచ్చినా కాదు.

రెండవది అమ్మేవారికి. "కొనేవాడు చూసుకోవాలి, వ్యాపారమంటే అంతే కదా" అని మీరు అంటారు. ఇద్దరికీ సమానంగా తెలిసిన చోట ఆ మాట కొంత చెల్లుతుంది. ట్యాంకు మీది సొట్ట ఇద్దరికీ కనిపిస్తుంది, దాన్ని మీరు చెప్పకపోయినా ఫరవాలేదు. కానీ ఇంజను లోపలి అరుగుదల నడిపినవాడికే తెలుసు. పొద్దున్నే ఎన్ని కిక్కులకు లేస్తుందో, గేరు ఆయిల్ ఎన్నాళ్లకు తగ్గుతుందో, పంపు ఉందో లేదో, ఎన్నిసార్లు బోరింగ్ అయిందో, ఇవి అడగకపోయినా చెప్పవలసినవి. ఒక కాగితం మీద రాసి ఆర్‌సీతో పాటు ఇవ్వండి. ధర వెయ్యో రెండు వేలో తగ్గవచ్చు. తగ్గకపోనూ వచ్చు, ఆ రైతు మాట మరిచిపోకండి. మన సంఘంలో ఎవరు పాత బండి అమ్మినా ఇలా కాగితం రాసి ఇచ్చే అలవాటు చేసుకుందామని మేము అడుగుతున్నాం. మా దగ్గర ఇప్పుడున్న బండి అమ్మే రోజు వస్తే మొదటి కాగితం మేమే రాస్తాం.

మూడవది తల్లిదండ్రులకు, యౌవనస్థులకు. ఇష్టం ఉండడం తప్పు కాదు. ఖాళీ సమయం ఉండి, చేతిలో మిగులు డబ్బు ఉండి, విప్పుకుని బిగించుకునే సరదా ఉన్నవాళ్లు టూ స్ట్రోక్ కొనుక్కోవచ్చు. పాలు పోయడానికి, పనికి పోవడానికి, కాలేజీకి పోవడానికి మాత్రం అది బండి కాదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ ఖర్చు వేరు, పొగ మన పిల్లలే పీలుస్తారు, అసలైన విడిభాగాలు దొరకడం ఏటికేడు కష్టమవుతోంది. అమ్మ అప్పు తెచ్చిన డబ్బుతో ముప్పై ఏళ్ల ఇంజను కొనడం మాకు సరిగా తోచదు. అదే డబ్బుకు మంచి స్థితిలో ఉన్న ఫోర్ స్ట్రోక్ బండి వస్తుంది. దాన్ని కూడా చల్లగా ఉన్నప్పుడే చూడండి.

ఇప్పటికే టూ స్ట్రోక్ నడుపుతున్నవారికి ఒక మాట. ఈ రోజే సైడ్ కవరు తీసి పంపు, పైపులు చూసుకోండి. గేరు ఆయిల్ కొలిచి చూసుకోండి, ఆర్‌ఎక్స్ 100కు పట్టేది 650 మి.లీ. దారిలో ఇంజను గొంతు మారి వేగం తగ్గినట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి, బండిని పక్కకు తీసుకోండి. పిస్టన్ పట్టేసినా చక్రం బిగుసుకోకుండా మీ ప్రాణం దక్కుతుంది. ఇంట్లో బండి నడిపే ప్రతివారికీ ఈ ఒక్క మాటైనా చదివి వినిపించండి.

మా వెంట వచ్చిన యౌవనస్థుడు ఇంకా బండి కొనలేదు. ముప్పై వేలు వాళ్లమ్మ సంఘానికి తిరిగి కట్టేసింది. మొన్న ఆదివారం ఆరాధనకు సైకిలు మీద వచ్చాడు. భుజం విరిగిన తమ్ముడు చెయ్యి మునుపటిలా ఎత్తగలుగుతున్నాడు, మీరంతా అతని కోసం ప్రార్థించారు, వందనాలు. అతని బండి మాత్రం ఇంకా వాళ్ల పాకలోనే ఉంది. వచ్చే నెల దాన్ని ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఆటో ట్రాలీ ఉన్నవారు ఎవరైనా ఒక రోజు ఇవ్వగలిగితే మాకు చెప్పండి.